రాయలసీమలో ఉండి సముద్రం చదవడం: డిగ్రీలో సముద్రశాస్త్రం, సముద్ర విధానం మైనర్‌గా తీసుకోవాలంటే

కడప జిల్లాలో ఇళ్లకు పరిచే నార్జి బండ ఒకప్పుడు సముద్రపు అడుగు. లోతు తక్కువ సముద్రంలో పొరలు పొరలుగా పేరుకున్న సున్నపు బురద కోట్ల ఏళ్లకు గట్టిపడి ఆ రాయి అయింది. అనంతపురంలో శెనక్కాయ చేను నిలుస్తుందా ఎండుతుందా అన్నది ఆ ఏడాది హిందూ మహాసముద్రం, పసిఫిక్ మహాసముద్రం ఎక్కడ ఎంత వేడెక్కాయన్న దాని మీద చాలావరకు ఆధారపడి ఉంటుంది. 2021 నవంబరులో చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట దగ్గరి ఊళ్లు మునిగాయంటే, ఆ వాన బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండం తెచ్చింది.

మన మూడు ఊళ్లలో, అంటే కర్నూలు, అనంతపురం, కడపలో డిగ్రీ చదివేవాళ్లు సముద్రం గురించి చదవడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు. అయినా ఇంట్లో అడుగుతారు: "సముద్రం లేని ఊళ్లో సముద్రం చదువేంది నాయనా?" దానికి నేను చెప్పే జవాబు ఒకటే. దేశం మొత్తానికి సముద్రపు సమాచారం ఇచ్చే కేంద్రం ఇన్‌కాయిస్ హైదరాబాద్‌లో ఉంది. సునామీ హెచ్చరికలు 2007 నుంచి అక్కడినుంచే వెళ్తున్నాయి. కర్నూలు నుంచి హైదరాబాద్ దాదాపు 210 కిలోమీటర్లు. ఈ రోజుల్లో సముద్రశాస్త్రంలో పెద్ద భాగం లెక్కలు, ఉపగ్రహాలు, చట్టాల పని. వాటికి అలల పక్కన కూర్చోవాల్సిన అవసరం లేదు.

ఈ చదువును మైనర్‌గా, అంటే ప్రధాన సబ్జెక్టు (మేజర్) పక్కన చదివే రెండో సబ్జెక్టుగా, ఎలా కట్టుకోవాలో వరుసగా రాస్తున్నాను. మేజర్ ఏదైనా ఫరవాలేదు: జువాలజీ, జియాలజీ, ఫిజిక్స్, కెమిస్ట్రీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్, బీటెక్.

1. మీ కాలేజీలో మైనర్ అంటే ఏమిటో ముందు తేల్చుకోండి

యూజీసీ 2022 డిసెంబరులో ఇచ్చిన డిగ్రీ చట్రం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్లకు 160. అందులో మైనర్ వాటా మూడేళ్లకు 24, నాలుగేళ్లకు 32. బీటెక్ వాళ్లకు ఏఐసీటీఈ పద్ధతిలో అదనంగా 18 నుంచి 20 క్రెడిట్లు చేస్తే మైనర్ వస్తుంది. ఇవి పై లెక్కలు. మీ యూనివర్సిటీ వాటిని ఎలా అమలు చేస్తోందో, మీరు చేరిన సంవత్సరపు రెగ్యులేషన్ కాగితంలో ఉంటుంది. సీనియర్ చెప్పిన మాట మీద పోవద్దు, ఎందుకంటే మన రాష్ట్రంలో డిగ్రీ నిర్మాణం ఈ మధ్య ఏళ్లలో మారుతూ వస్తోంది.

ఎగ్జామినేషన్ సెక్షన్‌కో, డిపార్ట్‌మెంట్ హెడ్ దగ్గరికో వెళ్లి మూడు ప్రశ్నలు అడగండి. మైనర్ సబ్జెక్టును కాలేజీ ఇచ్చిన జాబితాలోంచే ఎంచుకోవాలా? కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక స్వయంలో చేసిన కోర్సుల క్రెడిట్లను మైనర్ కింద లెక్కగడతారా? ఒకసారి ఎంచుకున్నాక మార్చుకోవచ్చా? జవాబులు నోటితో చెబితే సరిపోదు, సర్క్యులర్ ఉంటే ఫోటో తీసుకోండి.

ఒక సంగతి సూటిగా చెప్పాలి. మెరైన్ సైన్స్ అన్న పేరుతోనే మైనర్ మన కాలేజీల్లో దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు. ఇక్కడ చేయగలిగింది రెండు రకాలు. దగ్గరి సబ్జెక్టును అధికారికంగా మైనర్‌గా తీసుకుని, దాని లోపల ప్రాజెక్టులు, ఐచ్ఛిక పేపర్లు సముద్రం వైపు తిప్పడం ఒకటి. కాలేజీ ఒప్పుకుంటే స్వయం కోర్సులతో క్రెడిట్లు నింపడం రెండోది. చాలామందికి ఈ రెండూ కలిపి చేయడమే కుదురుతుంది. మెమో మీద పేరు జియాలజీ అనో ఫిషరీస్ అనో ఉన్నా, మీ చేతిలో ఉన్న పని సముద్రానిదైతే తర్వాత చదువుకు అడ్డం రాదు.

2. ఒక ప్రశ్న పట్టుకోండి

ఈ గైడ్‌లో మిగతాదంతా మరిచినా ఈ భాగం మాత్రం మరవకండి. సముద్రశాస్త్రం చాలా పెద్దది. అందులో భౌతికం, రసాయనం, జీవం, భూగర్భం, చట్టం, వ్యాపారం అన్నీ ఉన్నాయి. 24 క్రెడిట్లలో అన్నిటినీ తలా కాస్త రుచి చూస్తే చివరికి ఏదీ నిలవదు. మీ జిల్లాకీ సముద్రానికీ ముడి ఉన్న ఒక ప్రశ్న ఎంచుకుని, ప్రతి కోర్సులోనూ దానికి పనికొచ్చేది ఏరుకోండి. నాకు బాగా నచ్చిన నాలుగు ప్రశ్నలు ఇస్తాను.

వాన ప్రశ్న, ముఖ్యంగా అనంతపురం వాళ్లకు. పడమటి కనుమల వాననీడలో ఉన్న ఈ జిల్లాకు ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వానే. పసిఫిక్ మధ్య, తూర్పు భాగాలు మామూలుకన్నా వేడెక్కడాన్ని ఎల్ నినో అంటారు. 2002లో, 2009లో ఎల్ నినో వచ్చింది, దేశమంతా కరువు వచ్చింది. 1997లో అంతకన్నా బలమైన ఎల్ నినో వచ్చినా దేశంలో నైరుతి రుతుపవనం మామూలుగానే నడిచింది. ఎందుకు? ఆ ఏడాది హిందూ మహాసముద్రపు పడమటి వైపు వేడెక్కి, తూర్పు వైపు చల్లబడింది. దీన్ని హిందూ మహాసముద్ర డైపోల్ అంటారు. 1999లో శాస్త్రవేత్తలు దీన్ని గుర్తించి వివరించినప్పుడు ఆ బృందంలో మన దేశం వాళ్లూ ఉన్నారు. ఇంకో మెలిక ఉంది. ఎల్ నినో నైరుతి వానను తగ్గించే వైపు లాగితే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే ఈశాన్య రుతుపవనపు వానను దక్షిణాదిలో పెంచే వైపు లాగుతుంది. 2015లో ఇదే చూశాం: ఖరీఫ్‌లో వాన తగ్గింది, నవంబరు, డిసెంబరుల్లో చెన్నై మునిగింది. రెండు రుతుపవనాల మధ్య నలిగే రాయలసీమకు దీని అర్థం ఏమిటన్నది మీరు చదవదగ్గ ప్రశ్న.

ఒండ్రు ప్రశ్న, కర్నూలు వాళ్లకు. తుంగభద్ర డ్యాం 1953లో నిండినప్పుడు దాని సామర్థ్యం దాదాపు 133 టీఎంసీలు. ఇప్పుడు 105 చిల్లర. తేడా అంతా పూడిక. కర్నూలులో పూడికంటే కాలువ కింది ఆయకట్టు కష్టం గుర్తొస్తుంది, అది న్యాయమే. కానీ ఆ మట్టి డ్యాంలో ఆగకపోతే శ్రీశైలం, నాగార్జునసాగర్ దాటి హంసలదీవి దగ్గర సముద్రంలో కలవాల్సింది. డెల్టాలు నది తెచ్చే ఒండ్రుతో పెరుగుతాయి, అది తగ్గితే అలలు ఒడ్డును కోసుకుపోతాయి. ఎగువన మన నీటి కష్టం, దిగువన దివిసీమ ఒడ్డు కోత ఒకే నది కథలో రెండు ముక్కలు. ఈ ప్రశ్న పట్టుకుంటే శాస్త్రం, అంతర్రాష్ట్ర జలవివాదం రెండూ నేర్చుకుంటారు.

రాతి ప్రశ్న, కడప వాళ్లకు. కడప బేసిన్ దాదాపు 44 వేల చదరపు కిలోమీటర్ల నెలవంక ఆకారం. దాని పాత పొరల్లో వేంపల్లె డోలమైటు ఒకటి, దాదాపు 190 కోట్ల ఏళ్లకు పైబడిన రాయి. అందులో ఉల్లిపాయ కోసినట్టు కనిపించే గుండ్రటి చారలు స్ట్రోమటోలైట్లు. వెలుతురు అందే లోతు తక్కువ నీళ్లలో సూక్ష్మజీవులు చాపలాగా పరుచుకుని, పొర మీద పొర కట్టిన గుర్తులవి. చేపలు, చెట్లు పుట్టడానికి ఎంతో ముందే మన నేల మీద జీవం ఆక్సిజన్ తయారుచేసిన కాలపు సాక్ష్యం ఇది. గండికోట వైపు క్వార్ట్‌జైట్ బండల మీద అలల గీతలు చూసినవాళ్లకు సముద్రపు భూగర్భశాస్త్రం పుస్తకంలో వెతుక్కోవాల్సిన పనిలేదు. కడప యోగి వేమన యూనివర్సిటీలో జియాలజీ విభాగం ఉంది. అక్కడి అధ్యాపకుల్ని కలిసి ఏ రాయిని ఎక్కడ చూడాలో అడగండి.

ముగ్గురాయి ప్రశ్న, విధానం వైపు మొగ్గేవాళ్లకు. మంగంపేట ముగ్గురాయి, అంటే బెరైటీస్, ప్రపంచంలోని అతి పెద్ద నిల్వల్లో ఒకటి. ఇది నీటికన్నా నాలుగు రెట్లకు పైగా బరువు. చమురు, గ్యాస్ బావులు తవ్వేటప్పుడు లోపలి ఒత్తిడి ఒక్కసారిగా పైకి తన్నకుండా, తవ్వకపు బురదకు బరువు పెంచడానికి ఈ పొడి కలుపుతారు. సముద్రంలో తవ్వే బావులకూ ఇదే. మంగంపేట ఉన్న ఓబులవారిపల్లె నుంచి కృష్ణపట్నం ఓడరేవుకు వెలికొండల్ని తొలిచి వేసిన రైలు మార్గం 2019లో మొదలైంది. గని, రైలు, ఓడరేవు, సముద్రపు తవ్వకం, వాటి చట్టాలు: ఒక మైనర్‌కు సరిపడా విషయం ఇందులోనే ఉంది.

3. శాస్త్రంలో పునాది: ఏ వరుసలో చదవాలి

భౌతిక సముద్రశాస్త్రంతో మొదలుపెట్టండి. ఉష్ణోగ్రత, లవణీయత, సాంద్రత, ఈ మూడూ అర్థమైతే మిగతావి వాటి మీద నిలబడతాయి. సగటు సముద్రపు నీటిలో కిలోకు దాదాపు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. బంగాళాఖాతం ఉత్తర భాగంలో అంతకన్నా బాగా తక్కువ, ఎందుకంటే గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ అన్నీ అందులోకే వస్తాయి, పైనుంచి వాన. తేలికైన ఆ మంచినీటి పొర, సముద్రపు ఉపరితలాన తేలుతూ, కింది బరువు నీటితో కలవదు. అందువల్ల పై పొర వేడిగానే ఉంటుంది. తుపానుకు కావలసిన సుమారు 26.5 డిగ్రీల వేడి అక్కడ సులభంగా దొరుకుతుంది. అరేబియా సముద్రం దీనికి భిన్నం: ఆవిరి ఎక్కువ, నదులు తక్కువ, ఉప్పు ఎక్కువ. ఈ ఒక్క పోలికను సొంతంగా బొమ్మ గీసి తోటివాళ్లకు వివరించగలిగితే మొదటి సెమిస్టర్ బాగా గడిచినట్టే.

తర్వాత జీవశాస్త్రం: సూక్ష్మ వృక్షజాలం, దానికి పోషకాలు ఎలా అందుతాయి, కింది నీరు పైకి ఉబికే చోట్ల చేపలు ఎందుకు దొరుకుతాయి. ఆ తర్వాత రసాయనం: కార్బన్ డయాక్సైడ్ కరిగి నీటి ఆమ్లగుణం ఎలా పెరుగుతుంది, ఆక్సిజన్ తక్కువ పొరలు ఎక్కడున్నాయి. భూగర్భం మీ ప్రశ్నను బట్టి.

గణితం గురించి చాలామందికి టెన్షన్. మైనర్ స్థాయికి ఇంటర్ గణితం, కాస్త స్టాటిస్టిక్స్ చాలు. బైపీసీ నుంచి వచ్చినవాళ్లు గ్రాఫ్ చదవడం, సగటు, విచలనం (డీవియేషన్), సహసంబంధం (కోరిలేషన్), ఈ నాలుగూ మొదటి సెలవుల్లో గట్టిగా నేర్చుకోండి. భౌతిక సముద్రశాస్త్రంలో పీజీ చేయాలనుకుంటే మాత్రం కాలిక్యులస్ తప్పదు, దాన్ని వాయిదా వేయొద్దు.

4. స్వయం, ఎన్‌పీటీఈఎల్ కోర్సులు క్రెడిట్లుగా మార్చుకోవడం

2021 యూజీసీ నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లో ఒక ప్రోగ్రాం కోర్సుల్లో 40 శాతం దాకా స్వయం ద్వారా చేయనివ్వొచ్చు. స్వయంలో ఐఐటీల కోర్సులు నడిపే ఎన్‌పీటీఈఎల్‌లో 12 వారాల కోర్సుకు 3 క్రెడిట్లు, 8 వారాలకు 2, 4 వారాలకు 1. కోర్సులు జనవరిలో, జూలైలో మొదలవుతాయి. చూడటం ఉచితం. సర్టిఫికెట్ పరీక్షకు మాత్రం ఫీజు, కోర్సుకు వెయ్యి రూపాయలుగా ఉంటూ వచ్చింది. మార్కుల్లో 25 వారం వారం అసైన్‌మెంట్లకు, 75 కేంద్రంలో రాసే పరీక్షకు. రెండింట్లోనూ విడివిడిగా పాస్ కావాలి.

ఇక్కడ వరుస ముఖ్యం. కోర్సు జాబితా రాగానే మీ ప్రశ్నకు దగ్గరివి రెండు ఎంచుకోండి. సముద్రశాస్త్రం, వాతావరణ శాస్త్రం, తీర ఇంజనీరింగ్, రిమోట్ సెన్సింగ్ (ఉపగ్రహాలతో దూరం నుంచి కొలవడం), పర్యావరణ చట్టం, ఈ మాటలతో వెతకండి. ఆ కోర్సుల సిలబస్ ప్రింట్ తీసి డిపార్ట్‌మెంట్ హెడ్‌కు దరఖాస్తు ఇవ్వండి. అటానమస్ కాలేజీ అయితే అకడమిక్ కౌన్సిల్, అనుబంధ కాలేజీ అయితే యూనివర్సిటీ ఒప్పుకోవాలి. ఒప్పుకున్న కాగితం చేతికొచ్చాకే పరీక్ష ఫీజు కట్టండి. కోర్సు పాసయ్యాక కాగితం అడిగితే, "ముందే అడగాల్సింది కదమ్మా" అంటారు, వాళ్లను తప్పుపట్టలేం. అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో (మీ క్రెడిట్లు జమయ్యే ఆన్‌లైన్ ఖాతాలో), స్వయం ఖాతాలో, ఆధార్‌లో మీ పేరు ఒకేలా ఉందో లేదో చూసుకోండి. ఇంటిపేరు ముందు, వెనక మారితే తర్వాత చాలా తిరగాలి.

ఒక సెమిస్టర్‌లో రెండుకు మించి పెట్టుకోవద్దు. మేజర్ పరీక్షలు, ఈ పరీక్షలు దగ్గర దగ్గరగా పడతాయి.

వీటితోపాటు డెహ్రాడూన్‌లోని ఇస్రో సంస్థ ఐఐఆర్‌ఎస్ రిమోట్ సెన్సింగ్, జీఐఎస్ (కంప్యూటర్ మ్యాపుల పని) మీద ఆన్‌లైన్ కోర్సులు ఉచితంగా నడుపుతుంది. ఇన్‌కాయిస్ ఆవరణలోని అంతర్జాతీయ శిక్షణ కేంద్రం సముద్ర సమాచారం మీద చిన్న కోర్సులు నిర్వహిస్తుంది. క్రెడిట్లు రాకపోయినా చేతికి పని వస్తుంది.

5. విధానం: చట్టాలను చట్టాలుగానే చదవండి

సైన్స్ విద్యార్థులు ఈ భాగాన్ని తేలిగ్గా తీసుకుంటారు. నా దృష్టిలో మన ప్రాంతం పిల్లలు ఎక్కువ రాణించగలిగేది ఇక్కడే. నీటి పంపకాల మీద, గనుల మీద, కరువు మండలాల ప్రకటన మీద ఇంట్లో, రచ్చబండ దగ్గర విని పెరిగారు. ప్రభుత్వ నిర్ణయం చేను దాకా ఎలా వస్తుందో మీకు తెలుసు.

అంతర్జాతీయ సముద్ర చట్టంతో మొదలుపెట్టండి. ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందం 1982లో కుదిరింది, 1994లో అమల్లోకి వచ్చింది, మన దేశం 1995లో ఆమోదించింది. తీరం వెంట గీసిన ఆధార రేఖ నుంచి 12 నాటికల్ మైళ్లు ప్రాదేశిక జలాలు, 24 దాకా దానికి ఆనుకున్న మండలం, 200 దాకా ప్రత్యేక ఆర్థిక మండలం. నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు, అంటే 200 మైళ్లు దాదాపు 370 కిలోమీటర్లు. మన దేశపు ప్రత్యేక ఆర్థిక మండలం 20 లక్షల చదరపు కిలోమీటర్లకు పైమాటే. ఈ గీతల్ని మన చట్టంలో పెట్టింది 1976 నాటి సముద్ర మండలాల చట్టం, అంటే అంతర్జాతీయ ఒప్పందానికన్నా ముందే.

ఆ తర్వాత రాజ్యాంగం ఏడో షెడ్యూల్ తెరవండి. చేపల పెంపకం, వేట రాష్ట్ర జాబితాలో 21వ అంశం. ప్రాదేశిక జలాలు దాటిన వేట కేంద్ర జాబితాలో 57వ అంశం. ఒకే పడవ ఒకే రోజు రెండు ప్రభుత్వాల పరిధిలో వేట చేయగలదు. ఈ ఒక్క విషయం మీద మంచి సెమినార్ పేపర్ రాయొచ్చు. మన రాష్ట్రంలో సముద్ర వేట నియంత్రణ చట్టం 1994 నాటిది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర, మోటారు పడవల వేటకు నిషేధం ఉంటుంది. ఆ కాలానికి మత్స్యకార కుటుంబానికి ఇచ్చే భృతిని రాష్ట్ర ప్రభుత్వం 2025లో 20,000 రూపాయలకు పెంచింది. చేపల సంతానోత్పత్తికి ఆ రెండు నెలలు సరిపోతాయా, ఏ జాతికి సరిపోతాయి, అది శాస్త్రం. ఇంజిన్ లేని పడవను ఎందుకు వదిలేశారు, భృతి ఎవరికి అందదు, ఇవి విధానం. రెండూ పక్కపక్కన పెట్టి చదవండి.

మూడోది తీర నియంత్రణ మండలం నోటిఫికేషన్. 1991లో మొదటిది, తర్వాత 2011, ఇప్పుడు 2019 నాటిది. చక్కటి అభ్యాసం ఒకటి ఇస్తాను. 2011 దాంట్లో పల్లె తీరాల్లో 200 మీటర్ల దాకా కట్టడాలకు వీల్లేదు. 2019లో చదరపు కిలోమీటరుకు 2,161 మందికి పైగా ఉన్న పల్లె ప్రాంతాలకు దాన్ని 50 మీటర్లకు తగ్గించారు. రెండు నోటిఫికేషన్లూ తెరిచి ఆ పేరాలు పక్కపక్కన రాసుకోండి. ఎవరికి మేలు, ఎవరికి నష్టం, తుపాను వస్తే ఏమవుతుంది, రెండు పేజీల్లో రాయండి. నోట్స్, గైడ్లు కాకుండా గెజిట్ కాగితమే చదివే అలవాటు దీంతో వస్తుంది.

కొత్త విషయాల్లో రెండు చాలు. ఏ దేశానికీ చెందని దూర సముద్రాల్లో జీవవైవిధ్యాన్ని కాపాడే ఒప్పందం 2023లో కుదిరింది, మన దేశం 2024 సెప్టెంబరులో సంతకం చేసింది, 2026 జనవరిలో అమల్లోకి వచ్చింది. రెండోది 2021లో కేంద్రం ఆమోదించిన 4,077 కోట్ల రూపాయల డీప్ ఓషన్ మిషన్. ముగ్గురు మనుషుల్ని 6,000 మీటర్ల లోతుకు దించే మత్స్య 6000 వాహనాన్ని చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ (ఎన్‌ఐఓటీ) అందులో భాగంగానే తయారుచేస్తోంది. మధ్య హిందూ మహాసముద్రంలో లోహపు గుండ్లు వెతకడానికి మన దేశానికి 75,000 చదరపు కిలోమీటర్లు కేటాయించారు. గనుల దుమ్ము చూసి పెరిగినవాళ్లు సముద్రపు అడుగున తవ్వకం గురించి అడిగే ప్రశ్నలు వేరుగా ఉంటాయి. వాటిని అడగండి.

6. డేటాతో ఒక ప్రాజెక్టు

వాన ప్రశ్న తీసుకున్నవాళ్లకు పద్ధతి చెబుతాను. మిగతావాళ్లు ఇదే తీరులో చేయొచ్చు.

వాతావరణ శాఖ దేశాన్ని 36 ఉపవిభాగాలుగా చూస్తుంది, అందులో రాయలసీమ ఒకటి. అంటే మన ప్రాంతానికి నెలవారీ వాన లెక్కలు విడిగా దొరుకుతాయి. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం ఉపవిభాగాల వారీగా 19వ శతాబ్దం నుంచీ ఉన్న లెక్కలు అందుబాటులో పెట్టింది. ఎల్ నినో సూచిక, డైపోల్ సూచిక అమెరికా సంస్థ నోవా వెబ్‌సైట్‌లో ఉచితం. డైపోల్ సూచిక అంటే పడమటి హిందూ మహాసముద్రపు ఉపరితల వేడికీ సుమత్రా పక్కనున్న తూర్పు భాగపు వేడికీ మధ్య తేడా.

ఎక్సెల్ చాలు. ప్రతి ఏడాదికి జూన్ నుంచి సెప్టెంబరు వాన ఒక వరుసలో, అక్టోబరు నుంచి డిసెంబరు వాన ఇంకో వరుసలో కూడండి. దీర్ఘకాల సగటు నుంచి ఎంత శాతం ఎక్కువ తక్కువో లెక్కించండి. పక్కన అవే నెలల సూచికల సగటు పెట్టండి. చుక్కల గ్రాఫ్ గీయండి, సహసంబంధం చూడండి. తర్వాత అసలు పని: గీతకు దూరంగా పడిన ఏళ్లు ఏవి? 1997 ఎక్కడ పడింది, 2015 ఎక్కడ పడింది? ఆ ఏళ్ల మీద పాత పత్రికలు తిరగేయండి, ఊళ్లో పెద్దవాళ్లను అడగండి. సూచిక బాగున్నా పంట పోయిన ఏళ్లుంటాయి, ఎందుకంటే మొత్తం వాన సరిపోయినా ఊడలు దిగే వేళ మూడు వారాలు చినుకు లేకపోతే శెనక్కాయ నిలవదు. నెలవారీ లెక్క ఆ సంగతి చెప్పదు, రోజువారీ లెక్క చెబుతుంది. ఈ పరిమితిని రిపోర్టులో స్పష్టంగా రాస్తే మీ ప్రాజెక్టు విలువ పెరుగుతుంది.

ఒండ్రు ప్రశ్న వాళ్లు 1970ల నుంచి ఉచితంగా ఉన్న ల్యాండ్‌శాట్ చిత్రాలు తీసుకుని, క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లో కృష్ణా ముఖద్వారం ఒడ్డు గీతను పదేళ్లకొకటి చొప్పున గీయొచ్చు. ఒడ్డును ఎంత దగ్గర్నుంచి కొలిస్తే అంత పొడవు తేలుతుందని గుర్తుంచుకోండి. మన రాష్ట్ర తీరం చాలా ఏళ్లు 974 కిలోమీటర్లని చదువుకున్నాం. సూక్ష్మంగా మళ్లీ కొలిస్తే 1,053 అయింది. నేల పెరగలేదు, కొలత మారింది. అందుకే మీ చిత్రాలన్నీ ఒకే స్పష్టతవి కావాలి, ఆటుపోట్ల వేళ కూడా చూసుకోవాలి.

సముద్రపు లోపలి లెక్కలు కావాలంటే ఆర్గో ఫ్లోట్లు ఉన్నాయి. ప్రపంచ సముద్రాల్లో దాదాపు 4,000 యంత్రాలు పది రోజులకోసారి 2,000 మీటర్ల లోతు నుంచి పైకి వస్తూ వేడిని, ఉప్పును కొలిచి ఉపగ్రహానికి పంపుతాయి. మన దేశపు ఆర్గో డేటా ఇన్‌కాయిస్‌లో ఉంటుంది. బంగాళాఖాతంలో ఒక ఫ్లోట్, అరేబియా సముద్రంలో ఒకటి తీసుకుని మూడో భాగంలో చెప్పిన పోలికను మీరే రుజువు చేయొచ్చు.

7. సముద్రం దగ్గరికి వెళ్లండి

డేటా ఎంత చూసినా ఒకసారి వెళ్లాలి. మనకు వీలైన దారి నెల్లూరు. గండికోట దగ్గర మనం చూసే పెన్న ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. కడప నుంచి బయల్దేరి సోమశిల, నెల్లూరు, ముఖద్వారం వరుసలో చూస్తే ఒకే నదిని మూడు చోట్ల చూసినట్టవుతుంది. ప్రతి చోటా సీసాలో నీళ్లు పట్టి, తేటపడటానికి పట్టే సమయం, చౌక మీటరుతో లవణాల మోతాదు రాసుకోండి. కృష్ణపట్నం ఓడరేవు లోపలికి కాలేజీ లేఖ లేకుండా రానివ్వరు. పులికాట్‌కు వెళ్తే చలికాలంలో వెళ్లండి, ఫ్లెమింగోలు ఉంటాయి.

మత్స్యకారుల ఊరికి వెళ్లేటప్పుడు ఖాళీ చేతుల్తో ప్రశ్నలు గుప్పించవద్దు. ఇన్‌కాయిస్ చేపలు దొరికే చోట్ల సమాచారాన్ని తెలుగులో కూడా ఇస్తుంది. ఉపగ్రహాలు కొలిచిన నీటి వేడి, నీటి పచ్చదనం ఆధారంగా దాన్ని తయారుచేస్తారు. ఆ రోజు సమాచారం ఫోన్‌లో పెట్టుకుని వెళ్లి, "అన్నా, ఇది మీకు పనికొస్తోందా? ఇంత దూరం డీజిల్ పోసుకుని పోతే గిట్టుబాటవుతుందా?" అని అడగండి. నిషేధ కాలంలో ఆ సమాచారం రాదు, మబ్బు రోజుల్లోనూ రాదు. కానీ నిషేధ కాలంలో వాళ్లు వలలు బాగుచేసుకుంటూ ఒడ్డునే ఉంటారు, మాట్లాడే తీరిక ఉంటుంది. అమావాస్య, పౌర్ణములకు పోటు ఎక్కువ. ఆ రోజుల్లో ఒకసారి, అష్టమికి ఒకసారి నీటి హద్దు కర్రతో గుర్తుపెట్టగలిగితే ఆటుపోట్ల పాఠం ఇక మరచిపోరు. ఈత వచ్చినా లోతుకు దిగొద్దు. చెరువులో నేర్చిన ఈతకు అలల లాగుడు తెలియదు.

8. ఇంటర్న్‌షిప్

ప్రాజెక్టు గ్రాఫ్ చేతిలో ఉన్నాకే అడగండి. ఇన్‌కాయిస్ హైదరాబాద్, విశాఖలోని జాతీయ సముద్రశాస్త్ర సంస్థ (ఎన్‌ఐఓ) ప్రాంతీయ కేంద్రం, విశాఖలోనే ఉన్న కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్ఆర్‌ఐ) ప్రాంతీయ కేంద్రం మనకు అందుబాటులో ఉన్నవి. వీటిలో పీజీ విద్యార్థులకు అవకాశం ఎక్కువ. డిగ్రీ వాళ్లు ముందుగా, వేసవికి నాలుగైదు నెలల ముందే రాయాలి. మెయిల్ చిన్నదిగా ఉండాలి. ఉదాహరణకు: "నేను అనంతపురంలో బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. రాయలసీమ వానకూ డైపోల్‌కూ ఉన్న సంబంధం మీద చేసిన గ్రాఫ్ జతచేశాను. రెండు ఏళ్లు నా లెక్కకు అందడం లేదు. మీ విభాగంలో నాలుగు వారాలు పనిచేసి దీన్ని సరిగా నేర్చుకోవాలని ఉంది." కాలేజీ లేఖ జతచేయండి. పాతికమందికి ఒకే మెయిల్ పంపడం కంటే, ఒక శాస్త్రవేత్త పని చదివి ఆయనకు లేదా ఆమెకు రాయడం మేలు.

9. డిగ్రీ తర్వాత

ఆంధ్రా యూనివర్సిటీకి ఈ రంగంలో పాత చరిత్ర ఉంది. 1950లలో అమెరికా శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ వాల్తేరు వచ్చి అక్కడివాళ్లతో కలిసి బంగాళాఖాతాన్ని పరిశోధించారు. నెల్లూరు విక్రమ సింహపురి యూనివర్సిటీలో మెరైన్ బయాలజీ ఉంది. ఈ రెండింటికీ దారి ఏపీ పీజీసెట్. పాండిచ్చేరి యూనివర్సిటీ పోర్ట్ బ్లెయిర్ క్యాంపస్ వారి మెరైన్ బయాలజీ కోర్సు, కొచ్చిన్‌లోని కుసాట్ యూనివర్సిటీ, గోవా యూనివర్సిటీ కూడా చూడండి. ప్రవేశ పరీక్షలు వేర్వేరు కాబట్టి మూడో ఏడాది మొదట్లోనే తేదీల పట్టిక వేసుకోండి. బీటెక్ వాళ్లకు గేట్ ద్వారా ఐఐటీ మద్రాస్ ఓషన్ ఇంజనీరింగ్ విభాగం. చట్టం వైపు వెళ్లేవాళ్లకు విశాఖలో దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. ఆ పేరుగల పెద్దాయన కర్నూలు పక్కనున్న పెద్దపాడు బిడ్డ.

ఉద్యోగాల విషయంలో ఇంట్లో వాళ్లకు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మైనర్ ఒక్కటే ఉద్యోగం ఇవ్వదు. రిమోట్ సెన్సింగ్, డేటా పని నేర్చుకున్నవాళ్లకు వ్యవసాయ, నీటి పారుదల సంస్థల్లోనూ అవకాశం ఉంటుంది. మత్స్య శాఖ పోస్టులకు నోటిఫికేషన్‌ను బట్టి ఫిషరీస్ డిగ్రీ అడుగుతారు కాబట్టి అర్హత ముందే చదువుకోండి. పరిశోధన వైపు వెళ్లాలంటే పీజీ, ఆపైన నెట్ లేదా గేట్ తప్పవు.

చివరి సెమిస్టర్‌లో మార్కుల మెమోలో మైనర్ క్రెడిట్లన్నీ ఎక్కాయో లేదో ప్రొవిజనల్ తీసుకునే ముందే సరిచూసుకోండి. స్వయం క్రెడిట్లు ఒక్కోసారి ఆలస్యంగా చేరతాయి. పీజీ కౌన్సెలింగ్ నాటికి అవి కనిపించకపోతే కాలేజీ ఒప్పుకున్న ఆ పాత కాగితం, కోర్సు సర్టిఫికెట్ రెండూ పట్టుకుని ఎగ్జామినేషన్ సెక్షన్‌కు వెళ్లాలి. అందుకే మొదటి రోజు నుంచీ వాటిని ప్రాజెక్టు రిపోర్టుతోపాటు ఒకే ఫైల్లో పెట్టుకోండి.